ముప్పై వేల సైటేషన్లు: ఆ అంకెను విప్పి చూస్తే

ఒక వైద్య పరిశోధకుడి ప్రొఫైల్ పేజీ తెరిస్తే ముందుగా కంటికి తగిలేవి మూడు అంకెలు. పత్రాలు 410. సైటేషన్లు 30,000. హెచ్-ఇండెక్స్ 71. ఇవి నేను ఊహించి రాసిన అంకెలే గానీ, ఇలాంటి పేజీలు వేలల్లో ఉన్నాయి. వాటిని చూడగానే చాలామందిమి ఒక నిర్ణయానికి వచ్చేస్తాం, ఈయన చాలా గొప్ప శాస్త్రవేత్త అని. ప్రమోషన్ ఇచ్చే కమిటీలూ, అవార్డులకు ఎంపిక చేసేవాళ్లూ కూడా చాలాసార్లు అంతే తొందరగా వచ్చేస్తారు. ఒక మందు మంచిదా కాదా అన్న చర్చలో "ఆయనకు ముప్పై వేల సైటేషన్లు ఉన్నాయి" అనే మాటే వాదన అయిపోయిన సందర్భాలు కరోనా రోజుల్లో చాలా చూశాం.

నిజానికి ఆ ముప్పై వేలు ఒకే రకం సరుకు కాదు. కొత్త చికిత్సను నిరూపించిన పత్రానికి వచ్చిన సైటేషన్ అందులో ఉంటుంది. ఎవరో తమ ప్రయోగంలో ఒక కొలత పద్ధతి వాడుకుని, మర్యాదగా పేరు చెప్పినదీ ఉంటుంది. "ఈ పత్రం తప్పు, దీన్ని నమ్మకండి" అని రాసినదీ ఉంటుంది. లెక్కలో మాత్రం ప్రతిదీ ఒకటే. ఒకసారి కూడేశాక ఏది ఏదో కనపడదు.

సైటేషన్ అంటే ఏమిటో ముందు చూద్దాం. ఒక పరిశోధకుడు పత్రం రాసేటప్పుడు తాను ఆధారపడిన పాత పత్రాలన్నిటినీ చివర జాబితాగా ఇస్తాడు. ఆ జాబితాలో మీ పత్రం ఉంటే మీకు ఒక సైటేషన్ వచ్చినట్టు. ఈ జాబితాలన్నిటినీ తిరగేసి, ఏ పత్రాన్ని ఎవరెవరు ప్రస్తావించారో చెప్పే సూచిక తయారు చేయవచ్చన్న ఆలోచనను యూజీన్ గార్ఫీల్డ్ 1955లో 'సైన్స్' పత్రికలో ప్రతిపాదించాడు. 1964లో ఆయన సంస్థ నుంచే సైన్స్ సైటేషన్ ఇండెక్స్ వెలువడింది. ఆ 1955 వ్యాసంలో ఆయన చెప్పుకున్న ప్రయోజనం మనుషుల్ని కొలవడం కాదు. పాత పత్రాల్లో తప్పుడు సమాచారం, కాలం చెల్లిన సమాచారం, మోసంతో కూడినది ఉంటుంది. వాటిని తర్వాత ఎవరు విమర్శించారో తెలియక శాస్త్రవేత్తలు గుడ్డిగా ప్రస్తావిస్తూ పోతారు. అలా జరగకుండా, ఒక పత్రానికి తర్వాత ఏ గతి పట్టిందో వెతుక్కునే సాధనం కావాలన్నాడు. అంటే వెతకడానికి పుట్టిన పరికరం కొలవడానికి మళ్లింది. ఇప్పుడున్న గందరగోళంలో సగం ఇక్కడినుంచే వచ్చిందని నా నమ్మకం.

ఒక పత్రాన్ని వేలమంది ఎందుకు ప్రస్తావిస్తారు? గొప్పదైతేనే అనుకుంటే పొరపాటు. చరిత్రలో అత్యధికంగా ప్రస్తావనకు వచ్చిన పత్రంగా పేరుపడినది ఒలివర్ లౌరీ, ఆయన సహచరులు 1951లో ప్రచురించినది. ద్రావణంలో ప్రోటీన్ ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. 2014 నాటికే దానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అదేమీ గొప్ప పత్రం కాదని లౌరీయే తర్వాత రాశాడు. ప్రోటీన్ కొలవాల్సిన ప్రయోగశాలలన్నీ దాన్ని వాడాయి, వాడినవాళ్లంతా పేరు రాశారు, అంతే. రెండు కొలత పద్ధతులు ఒకదానితో ఒకటి ఎంతవరకు ఏకీభవిస్తున్నాయో చూసే పద్ధతిని మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 1986లో 'లాన్సెట్'లో వివరించారు. పాత బీపీ యంత్రాన్ని కొత్త యంత్రంతో పోల్చాలన్నా, రక్తపరీక్షలు రెండింటిని పోల్చాలన్నా ఇవాళ్టికీ అదే వాడతారు. ఆ పత్రమూ వైద్య సాహిత్యంలో అత్యధిక సైటేషన్లున్న వాటిలో ఒకటి. ఈ రెండూ పనికొచ్చిన పత్రాలే, నేను తీసిపారేయడం లేదు. కాకపోతే ఒక పరికరం ఎంతమంది చేతికి వెళ్లిందన్నదీ, ఒక ఆవిష్కరణ ఎంత లోతైనదన్నదీ వేరువేరు ప్రశ్నలు.

ఇంకో రకం చూడండి. క్యాన్సర్ మీద రాసే పత్రాల్లో చాలావాటి మొదటి వాక్యం "ఈ క్యాన్సర్ ఏటా ఇంతమందికి వస్తోంది" అన్నట్టుగా ఉంటుంది. ఆ అంకెకు ఆధారం చూపాలి. అందుకోసం ఎక్కువమంది ఉదహరించేది, అమెరికన్ క్యాన్సర్ సొసైటీ పత్రికలో ఏటా వచ్చే గణాంకాల వ్యాసాన్ని. ఫలితంగా ఆ పత్రిక ఇంపాక్ట్ ఫ్యాక్టర్, అంటే దాని పత్రాలకు సగటున వచ్చే సైటేషన్ల లెక్క, 250 దాటిన సంవత్సరాలున్నాయి. ప్రపంచంలో పేరున్న పెద్ద వైద్య పత్రికలు కూడా దాని దరిదాపుల్లోకి రావు. అలాంటి గణాంకాల పత్రంలో పేరుంటే చాలు, ఒక్క ఏడాదిలోనే వేల సైటేషన్లు వచ్చి పడతాయి. సమీక్షా వ్యాసాలదీ కొంతవరకు ఇదే దారి. ఒక విషయం మీద వందల పత్రాలను చదివి ఒకచోట చెప్పే వ్యాసాన్ని ప్రస్తావిస్తే పని సులువవుతుంది కాబట్టి అసలు ప్రయోగాలు చేసినవాళ్లకు రావాల్సిన సైటేషన్లు సమీక్ష రాసినవాళ్ల ఖాతాలోకి వెళ్తాయి.

తప్పు పత్రానికీ వేలల్లో సైటేషన్లు రావచ్చు. ఆండ్రూ వేక్‌ఫీల్డ్ 1998లో 12 మంది పిల్లల వివరాలతో, ఎంఎంఆర్ (తట్టు, గవదబిళ్లలు, రుబెల్లా రాకుండా వేసే) టీకాకూ ఆటిజానికీ సంబంధం ఉందన్న అనుమానం రేపుతూ 'లాన్సెట్'లో పత్రం ప్రచురించాడు. 2010లో ఆ పత్రిక దాన్ని పూర్తిగా వెనక్కి తీసుకుంది. ఆ పత్రాన్ని వెయ్యికి పైగా రచనలు ప్రస్తావించాయి. అందులో ఎక్కువ భాగం ఖండిస్తూ రాసినవే. అయినా ఖండనకు మైనస్ ఒకటి వేసే పద్ధతి ఏ డేటాబేస్‌లోనూ లేదు. మెచ్చుకున్నా తిట్టినా ప్లస్ ఒకటే.

ఇక హెచ్-ఇండెక్స్. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త దీన్ని ప్రతిపాదించాడు. మీ పత్రాలను సైటేషన్లు ఎక్కువున్న వాటి నుంచి తక్కువున్న వాటి దాకా వరసగా పేర్చండి. పదో పత్రానికి కనీసం పది సైటేషన్లు ఉండి, పదకొండో దానికి పదకొండు లేకపోతే మీ హెచ్-ఇండెక్స్ పది. ఒకే పత్రానికి అదృష్టవశాత్తు సైటేషన్లు వెల్లువెత్తినా, సైటేషన్లు లేని పత్రాలు వందలు రాసినా ఈ అంకె పెరగదు. అందుకే అందరికీ నచ్చింది. ఒకేఒక్క అంకెలో మనిషి పనంతా ఇమిడిపోతుందంటే ఎవరికి నచ్చదు?

కానీ ఇద్దరిని పక్కపక్కన పెట్టి చూడండి. ఒకామె పాతికేళ్లలో ఐదే పత్రాలు రాసింది, ఒక్కోదానికి 5,000 సైటేషన్లు. ఇంకొకాయన 40 పత్రాలు రాశాడు, ఒక్కోదానికి 40. ఆమె మొత్తం 25,000, ఆయన మొత్తం 1,600. హెచ్-ఇండెక్స్ చూస్తే ఆమెది 5, ఆయనది 40. ఐదు పత్రాలే రాసిన మనిషికి హెచ్-ఇండెక్స్ ఐదుకు మించి ఎప్పటికీ వెళ్లదు, ఆ ఐదూ వైద్యశాస్త్రాన్ని మార్చేసినా సరే. పైగా ఈ అంకె పెరగడమే గానీ తగ్గడం ఉండదు. పరిశోధన మానేసి పదేళ్లయినా పాత పత్రాల మీద అది పెరుగుతూనే ఉంటుంది. కాబట్టి అరవై ఏళ్ల ప్రొఫెసర్‌నూ, ముప్పై ఐదేళ్ల యువ పరిశోధకురాలినీ ఈ అంకెతో పోల్చడం అన్యాయం. దీన్ని వాడటం వల్ల తాను అనుకోని చెడు ఫలితాలు కూడా వచ్చాయని హిర్షే తర్వాత రాశాడు.

ఇప్పటిదాకా పత్రాల సంగతి. అసలు చిక్కుముడి పేర్ల దగ్గర ఉంది. వైద్య పత్రంలో రచయితల వరసకు ఒక అర్థం ఉంటుంది. పని ఎక్కువ చేసి, పత్రం రాసినవాళ్లు సాధారణంగా మొదటి పేరు. ప్రయోగశాలను లేదా బృందాన్ని నడిపే పెద్ద చివరి పేరు. మధ్యలో ఉన్నవాళ్లు రోగులను చేర్చుకున్నవాళ్లు కావచ్చు, స్కాన్లు చదివినవాళ్లు కావచ్చు, లెక్కలు చూసినవాళ్లు కావచ్చు. ఏమీ చేయనివాళ్లు కూడా కావచ్చు. శాఖాధిపతి అయినందుకు పేరు పెట్టించుకునే అలవాటు వైద్యంలో పాతది. దీన్ని ఆపడానికే వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పరిశోధన ఆలోచనలోనో, సమాచార సేకరణలోనో, విశ్లేషణలోనో చెప్పుకోదగ్గ పాత్ర ఉండాలి. రాయడంలోనో దిద్దడంలోనో పాలు పంచుకోవాలి. చివరి ప్రతికి ఆమోదం తెలపాలి. పనిలో ఎక్కడ ప్రశ్న వచ్చినా జవాబుదారీగా నిలబడాలి. నాలుగూ ఉంటేనే రచయిత. నాలుగో షరతు 2013లో చేర్చారు. నిధులు తెచ్చినంత మాత్రాన, శాఖకు పెద్ద అయినంత మాత్రాన రచయిత కారని ఆ నియమాలే స్పష్టంగా చెబుతాయి. పాటిస్తున్నారా లేదా అన్నది మాత్రం రచయితల మనస్సాక్షి మీదే ఆధారపడి ఉంది.

సైటేషన్ లెక్క ఈ తేడాలేవీ పట్టించుకోదు. ఒక పత్రానికి మూడు వేల సైటేషన్లు వస్తే మొదటి పేరుకు మూడు వేలు, నూట యాభయ్యో పేరుకూ మూడు వేలే. ప్రపంచవ్యాప్త వ్యాధి భారాన్ని లెక్కగట్టే గ్లోబల్ బర్డెన్ ఆఫ్ డిసీజ్ పత్రాల్లో వందల మంది రచయితలుంటారు. ఆ పత్రాలకు సైటేషన్లు వేలల్లో వస్తాయి. వాటిలో ఒక దేశం సమాచారం సరిచూసినందుకు పేరున్నవాళ్లు నిజంగా పని చేసినవాళ్లే, తప్పేం లేదు. కానీ అలాంటి పది పత్రాల్లో పేరుంటే చాలు, సొంతంగా ఒక ట్రయల్ (రోగుల మీద చికిత్సను పరీక్షించే ప్రయోగం) నడిపిన మనిషిని ప్రొఫైల్‌లో దాటేయవచ్చు.

దీనికి పూర్తిగా ఎదురుగా నిలిచే ఉదాహరణ ఐసిస్-2. గుండెపోటు వచ్చినవాళ్లకు ఆస్పిరిన్, స్ట్రెప్టోకైనేజ్ (రక్తపు గడ్డను కరిగించే మందు) ఇస్తే ప్రాణాలు నిలుస్తాయని 17,187 మంది రోగులతో తేల్చిన ట్రయల్ అది. 1988లో 'లాన్సెట్'లో వచ్చింది. గుండెపోటు అనుమానం రాగానే ఆస్పిరిన్ ఇవ్వడం వెనక ఉన్న బలమైన ఆధారాల్లో ఒకటి. ఆ పత్రం రచయిత స్థానంలో వ్యక్తుల పేర్లు లేవు, ఐసిస్-2 బృందం అని ఉంది. రోగిని ట్రయల్‌లో చేర్చి, ఫారాలు నింపి, ఐదు వారాల తర్వాత ఏమయ్యాడో కనుక్కున్న వందలాది ఆస్పత్రుల డాక్టర్ల సైటేషన్ ఖాతాల్లో దానివల్ల ఏమీ పడలేదు. నాకు ఇది చదివినప్పుడల్లా గౌరవం కలుగుతుంది.

లెక్క ఏ డేటాబేస్ నుంచి తీశారన్నదీ చూడాలి. గూగుల్ స్కాలర్ థీసిస్‌లు, ప్రీప్రింట్లు (పత్రికలో అచ్చుకాకముందే బయటపెట్టిన పత్రాలు), పుస్తకాలు అన్నిటినీ లెక్కలో వేసుకుంటుంది కాబట్టి అందులో అంకె పెద్దదిగా ఉంటుంది. వెబ్ ఆఫ్ సైన్స్, స్కోపస్ ప్రధానంగా తాము ఎంచుకున్న పత్రికలనే లెక్కిస్తాయి. ఒకే మనిషికి మూడు చోట్ల మూడు అంకెలు ఉండటం మామూలే. పేరు పోలికవల్ల ఇద్దరి పత్రాలు ఒక ఖాతాలో కలిసిపోతాయి. ఇంటిపేరు మారితే ఒకరి పత్రాలే రెండు ఖాతాలుగా విడిపోతాయి. 2012లో మొదలైన ఆర్కిడ్ సంఖ్య, అంటే ప్రతి పరిశోధకుడికీ 16 అక్షరాల గుర్తింపు, ఈ బాధ కోసమే వచ్చింది.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ గురించి ఒక్క మాట గట్టిగా చెప్పాలి. అది పత్రికది, పరిశోధకుడిది కాదు. గత రెండేళ్లలో ఒక పత్రికలో వచ్చిన వాటికి ఈ ఏడాది వచ్చిన సైటేషన్లను, ఆ రెండేళ్లలో వేసిన పరిశోధన పత్రాల, సమీక్షల సంఖ్యతో భాగిస్తే వచ్చే సగటు. ఈ సగటును ఏ పత్రికలోనైనా కొద్ది పత్రాలే పైకి లాగుతాయి. మిగతావాటిలో ఎక్కువ భాగం సగటు కంటే కిందే ఉంటాయి. అందుకని "ఆయన పత్రం ఇంత ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఉన్న పత్రికలో వచ్చింది" అంటే ఆ పత్రికలో చోటు దొరికిందని మాత్రమే అర్థం. ఆ పత్రాన్ని ఎవరైనా చదివారా అన్నది విడిగా చూడాల్సిందే. ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌తో మనుషులను అంచనా వేయవద్దని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2013లోనే కోరింది. వేలాది సంస్థలు, వ్యక్తులు దానిమీద సంతకం చేశారు. అయినా నియామకాల దరఖాస్తుల్లో ఆ గడి ఇంకా కనిపిస్తూనే ఉంది.

కాలం సంగతి కూడా ఈ అంకెలకు తెలియదు. కాతలిన్ కారికో మెసెంజర్ ఆర్ఎన్ఏ (ప్రోటీన్ తయారీ సూచనలను కణంలో మోసుకెళ్లే అణువు) మీద ఏళ్ల తరబడి పనిచేసింది, గ్రాంట్లు రాలేదు. 1995లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఆమె హోదా తగ్గించారు. 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి 'ఇమ్యూనిటీ' పత్రికలో ఒక పత్రం ప్రచురించింది. ఆర్ఎన్ఏలోని ఒక భాగాన్ని కొద్దిగా మారిస్తే శరీరంలోని రక్షణ వ్యవస్థ దాన్ని శత్రువుగా చూడటం తగ్గుతుందని అందులో చూపించారు. అప్పట్లో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2020లో ఫైజర్-బయోఎన్‌టెక్, మోడర్నా టీకాలు రెండూ ఆ మార్పు ఆధారంగానే వచ్చాయి. 2023లో ఇద్దరికీ నోబెల్ బహుమతి దక్కింది. ఇప్పుడు ఆ పత్రం సైటేషన్లు చూసి ఆశ్చర్యపోతాం. 2010లో ఒక కమిటీ ఆమె అంకెలు మాత్రమే చూసి ఉంటే ఏ నిర్ణయం తీసుకునేదో ఊహించడం కష్టం కాదు.

విభాగాన్ని బట్టి కూడా తేడా ఉంటుంది. గుండె జబ్బుల మీద, క్యాన్సర్ మీద రాసేవాళ్లు ఎక్కువ, కాబట్టి ప్రస్తావించేవాళ్లూ ఎక్కువ. అరుదైన జన్యు వ్యాధి మీద ప్రపంచం మొత్తంలో కొద్దిమందే పనిచేస్తుంటే, వాళ్లలో అందరికంటే ముందున్న మనిషికీ సైటేషన్లు వందల్లోనే ఉండవచ్చు. దీన్ని సరిచేయడానికి అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ 2016లో ఒక తూకం తెచ్చింది. ఒక పత్రాన్ని అదే రంగంలోని, అదే కాలపు పత్రాలతో పోల్చి చూస్తుంది. విలువ 1 అయితే ఆ సంస్థ నిధులతో వచ్చిన పత్రాల్లో నడిమి స్థాయి అన్నమాట. ముడి సైటేషన్ల కంటే ఇది ఎంతో నయం.

'స్టాన్‌ఫర్డ్ రెండు శాతం శాస్త్రవేత్తల జాబితా' పేరు చాలామంది విని ఉంటారు. ఏటా అది రాగానే అభినందనల ఫ్లెక్సీలు, పోస్టులు మొదలవుతాయి. స్టాన్‌ఫర్డ్ ప్రొఫెసర్ జాన్ అయొనిడిస్, ఆయన సహచరులు స్కోపస్ సమాచారంతో, సైటేషన్ల పరంగా పై రెండు శాతంలో ఉన్న శాస్త్రవేత్తలను ఏరి తయారు చేసే డేటాబేస్ అది. విశ్వవిద్యాలయం ఇచ్చే బిరుదు కాదు. మొత్తం కెరీర్‌కు ఒక జాబితా, ఒక్క ఏడాదికి ఒక జాబితా ఉంటాయి. రెండూ ఒకటి కావు. అయినా ఈ డేటాబేస్‌ను తేలిగ్గా తీసేయలేను. ఒంటరిగా రాసినవి, మొదటి పేరుగా, చివరి పేరుగా రాసినవి విడిగా లెక్కలోకి తీసుకుంటుంది. సొంత పత్రాలను తామే ప్రస్తావించుకున్నవి తీసేస్తే స్థానం ఎంతో కూడా చెబుతుంది. ఇటీవలి విడతల్లో వెనక్కి తీసుకున్న పత్రాల సంఖ్య కూడా ఇస్తున్నారు. ఫ్లెక్సీ మీద ఈ గడులేవీ కనపడవు. అసలు చూడాల్సినవి అవే.

వెనక్కి తీసుకున్న పత్రాల విషయం వైద్యంలో మిగతా శాస్త్రాల కంటే బరువైనది, ఎందుకంటే ఇక్కడ అవతలి చివర రోగి ఉంటాడు. 2020 మే 22న 'లాన్సెట్'లో కరోనాకు వాడి చూస్తున్న మలేరియా మందు హైడ్రాక్సీక్లోరోక్విన్ మీద, అది వాడినవాళ్లలో మరణాలు ఎక్కువని చెబుతూ, సర్జిస్ఫియర్ అనే కంపెనీ సమాచారంతో ఒక పత్రం వచ్చింది. దాన్ని చూసి ప్రపంచ ఆరోగ్య సంస్థ తన ట్రయల్‌లో ఆ మందు భాగాన్ని తాత్కాలికంగా ఆపింది. అసలు సమాచారం చూపించమంటే చూపించలేకపోయారు. జూన్ 4న పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. ఆ తర్వాత కూడా దాన్ని ప్రస్తావించడం ఆగలేదు, ఆ ప్రస్తావనలూ సైటేషన్లుగా లెక్కలో పడ్డాయి. గార్ఫీల్డ్ 1955లో తప్పించాలనుకున్నది సరిగ్గా దీన్నే.

ఇంతకీ ఒక పరిశోధకుడి ప్రొఫైల్ ముందుంటే నేనేం చేస్తానంటే, పైనున్న మూడు అంకెలను వదిలేసి పత్రాలను సైటేషన్ల వరసలో పెట్టి మొదటి పది చూస్తాను. ఆ పదిలో ఎన్ని సొంత ప్రయోగాలు, ఎన్ని సమీక్షలు, ఎన్ని గణాంకాలు, ఎన్ని మార్గదర్శకాలు అన్నది పది నిమిషాల్లో తెలుస్తుంది. ఈయన పేరు మొదట ఉందా, చివర ఉందా, నూరుమంది మధ్యలో ఉందా చూస్తాను. ముఖ్యమైన ఒకటి రెండు పత్రాలను ఎవరెవరు ప్రస్తావించారో తెరిచి, ఏ వాక్యంలో ప్రస్తావించారో చదువుతాను. ఎక్కువ సమయం తీసుకునేది ఇదే, అసలు సంగతి బయటపడేదీ ఇక్కడే. ఆయన ఫలితాన్ని వేరే బృందం మళ్లీ ప్రయోగం చేసి సరిచూసిందా? ఏదైనా చికిత్సా మార్గదర్శకం దాని ఆధారంగా మారిందా? ఏ పత్రమైనా వెనక్కి తీసుకున్నారా? ఈ ప్రశ్నలకు జవాబులు దొరికేసరికి ముప్పై వేలు అనే అంకె నాకు గుర్తు కూడా ఉండదు.

ఈ లెక్కలన్నిటినీ ఒక మనిషి మీద పెట్టి చూడాలనిపిస్తే నాకు గుర్తొచ్చేది యల్లాప్రగడ సుబ్బారావు. 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, ఫాస్ఫరస్ ఎంత ఉందో రంగును బట్టి కొలిచే పద్ధతి ప్రచురించారు. దశాబ్దాల పాటు జీవరసాయన ప్రయోగశాలలు ఆ పద్ధతిని వాడాయి, లౌరీ పద్ధతిని వాడినట్టే. అత్యధికంగా ప్రస్తావనకు వచ్చిన జీవరసాయన పత్రాల్లో అదీ ఒకటి. 1940లలో లెడర్లే కంపెనీలో ఆయన నాయకత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని అడ్డుకునే అమినోప్టెరిన్‌ను తయారు చేసింది. ఆ మందును ల్యుకేమియా (రక్త క్యాన్సర్) ఉన్న పిల్లలకు ఇచ్చి, జబ్బు తాత్కాలికంగా వెనక్కి తగ్గిందని సిడ్నీ ఫార్బర్ 1948లో 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్'లో ప్రకటించాడు. క్యాన్సర్‌కు మందులతో చికిత్స అన్న దారి తెరిచిన పత్రాల్లో అది ముందు వరసలో ఉంటుంది. అదే కుటుంబానికి చెందిన మెథోట్రెక్సేట్ ఇవాళ్టికీ ల్యుకేమియాకు, కీళ్లవాతానికి వాడుతున్నారు. ఫార్బర్ పత్రం వచ్చిన 1948లోనే సుబ్బారావు చనిపోయారు.

ఆయన పత్రాలను ఇవాళ సైటేషన్ల వరసలో పెడితే అన్నిటికంటే పైన ఉండేది ఫాస్ఫరస్ కొలిచే పద్ధతి. ఫార్బర్ పత్రం మాత్రం ఆ వరసలో ఎక్కడా ఉండదు. దాని మీద ఐదుగురి పేర్లున్నాయి. అందులో ఆయన పేరు లేదు.